మాట తీసేసిన రవీందర్

2006లో నేను వారం వారం అఫ్జల్‌గంజ్‌లోని రవీందర్ నెట్ షాపుకి వెళ్ళేవాణ్ణి, దోహాలో ఉన్న మా అక్కతో మాట్లాడ్డానికి. రవీందర్ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పదేళ్ళు ఎస్టీడీ బూత్ నడిపిన మనిషి. ఫోన్లో ఎవరి మాట మధ్యలో తెగినా తన తప్పే అనుకుని, క్యాబిన్ల మధ్య పరుగులు పెట్టేవాడు.

“కెమెరా పెట్టవయ్యా, మా అక్క మొహం చూస్తాను” అంటే మాత్రం ససేమిరా ఒప్పుకోడు.

“ఫణి సార్, కాల్ కలిసేముందు ఇక్కడికెల్లి కబురు పోతది. నా దగ్గర మాటుంది, బొమ్మ ఉంది, నువ్వేం తీసుకుంటవ్ అని. అటు దిక్కు ఒప్పుకుంటెనే కలుస్తది. మన లైన్ సన్నగుంది. అందుకే ఆ కబురులకెల్లి బొమ్మ తీసేస్త. మాట మాత్రం తెగదు, నాది జిమ్మేదారి.”

మొండిఘటం! నేనూ విసిగి అడగడం మానేశాను.

ఒక గురువారం పొద్దున నేను అక్కతో మాట్లాడుతుండగా, జల్‌పల్లి నుంచి వచ్చి ఆ వీధిలో పాలు పోసే ఓదెలు తన కూతురు ఆండాలుని తీసుకొచ్చాడు. ఆ పిల్లకి పుట్టు చెవుడు, మాట రాదు. ముంబైలో చెవిటి పిల్లల బడిలో టీచరు ఉద్యోగానికి పదకొండింటికి ఇంటర్వ్యూ. అడిగే ఆవిడకీ వినపడదట, అంతా చేతుల భాషే. పదకొండున్నరకి ఇంకొకరి వంతు.

రవీందర్ కెమెరా పెట్టాడు. కాల్ కలిసింది. ఆండాలు చేతులెత్తిందో లేదో, బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ అంతే. పదకొండుంపావు అయింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

“లైన్ తక్కువైతె బొమ్మ ఆపి మాట కాపాడమని కంప్యూటర్ల నేనే పెట్టిన గదా!” అని రవీందర్ నెత్తి కొట్టుకున్నాడు. “ఈడ మాట ఎవ్వలికి గావాలె? థూ, నా తెలివి తగలెయ్య!”

ఈసారి పంపే కబురులోంచి మాటనే తీసేశాడు. బొమ్మ ఒక్కటే పంపాడు. అదీ చాలదన్నట్టు, లైనంతా ఆ పిల్లకే దక్కాలని మిగతా క్యాబిన్ల వైర్లన్నీ పీకేశాడు. మా అక్క మాట మధ్యలో తెగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

“బుద్ధుందా నీకు? చెప్పి చావొచ్చుగా!” అంటూ బయటికొచ్చాను.

“మాఫ్ చెయ్ సార్. లొల్లి తర్వాత చేసుకుందాం,” అన్నాడు, నా వైపు చూడకుండానే.

అప్పుడు చూశాను. స్క్రీన్ మీద ఒక నెరిసిన జుట్టావిడ. ఇటు ఆండాలు చేతులకి క్షణం విరామం లేదు. ఏదో అడుగుతోంది, అడ్డం చెబుతోంది, పకపకా నవ్వుతోంది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

రవీందర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. “ఏమంటున్నరే ఓదెలన్నా? నౌకరి ఖాయమేనా?”

“నాకేమెరుక? రా, తిను, పండుకో... ఇంట్ల మాకు గీ సైగలే ఎరుక,” అన్నాడు ఓదెలు. అతను కూతురి చేతుల మీంచి చూపు తిప్పలేదు. “నా బిడ్డ గింత ముచ్చట పెడ్తదా!”

ఇంకో రెండు నిమిషాల్లో పదకొండున్నర అనగా కాల్ ముగిసింది. ఆండాలు పరిగెత్తుకొచ్చి తండ్రికేదో చెప్పబోయి, ఆగింది. కాగితం మీద రాసిచ్చింది. ఓదెలుకి చదువు రాదు, నాకందించాడు.

“ఉద్యోగం ఇచ్చారు. సోమవారమే వచ్చి చేరమన్నారు,” అని చదివాను. రవీందర్ ఎగిరి గంతేశాడు.

ఓదెలు నవ్వబోయాడు. కాగితం నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నాడు.

“సోమారమేనా? నాలుగు దినాలే గదా, సార్! నేను దానితోని ఇంకా ఒక్క ముచ్చట గూడ పెట్టలే.”