ముందు నీళ్ళు

వానకి తడిసిన రగ్గుని చూరు కింద ఆరేశావు కదే గుంటా, ఆ తడి ఉన్ని వాసనకి అన్నమ్మత్త గుర్తొచ్చింది. ఆ ఫోను పక్కనపెట్టి ఈ అమ్మమ్మ చెప్పేది రాసుకో. కొండమీది మా ఊళ్ళో మాకు బైబిలు చదివి చెప్పింది ఆవిడే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చోళ్ళు దంచుతూ కూడా వాదనకి దిగేది. "దేవుడు పైనుంచి తాడు దింపి ఊరుకోలేదే. తనే లోయలోకి దిగి బుజం పెట్టాడు. మనిషి కాపోతే మన కిందకి బుజం రాదు, దేవుడు కాపోతే కొండెక్కించలేడు" అనేది. నాకప్పుడు ఎక్కలేదు. పాస్టరుగారి మాట మాత్రం మేకులా దిగింది: బాప్తిస్మం లేకుండా పోతే రక్షణ లేదు. చావు ముంచుకొస్తే నెత్తిన కాసిని నీళ్ళు పోసినా చాలు, కానీ నోటితో యేసు పేరు ఒప్పుకోవాలి.

మా అమ్మ ఒప్పుకోలేదు. కొండదేవతకి కోడిని కోసే మనిషి. "మీ యేసయ్యకి నానేటవుతానే?" అని నవ్వేది. ఒక ఎండాకాలం అమ్మకి జ్వరం ముదిరింది. బొంగుకి రగ్గు కట్టి, డోలీలో ముంచింగిపుట్టు రోడ్డుకి దింపుతున్నాం. మగాళ్ళు చాలక బొంగు వెనక కొస అన్నమ్మత్త ఎత్తుకుంది. దారిలో గెడ్డలో నీళ్ళు ఎండిపోయాయి. నా చేతి సీసాలో అడుగున కాసిని నీళ్ళు.

"దప్పికేత్తందే గుంటా" అంది అమ్మ.

మూత తిప్పాను. తాగించలేదు. ఇవి తాగేస్తే నెత్తిన పొయ్యడానికేముంటాయి?

"ముందు యేసయ్యా అనమ్మా. ఒక్కసారి. బేగి అను."

అమ్మ నన్ను చూసింది. ఆ చూపు చెప్పలేను.

డోలీ నేలకి దిగింది. అన్నమ్మత్త సీసా లాక్కుంది. "సిలువ మీద ఆయనకీ నాలిక పిడసకట్టిందే! ఎవరికి ఇవ్వకుండా దాత్తన్నావు నీళ్ళు?" అని అమ్మ నోట్లో పోసింది. నీళ్ళు గడ్డం మీంచి కారి రగ్గులో ఇంకిపోయాయి. అప్పటికే అమ్మ లేదు.

మట్టి చేశాక అడిగాను, "అత్తా, అమ్మకి రక్షణ ఉందా?" అని. ఓదారుస్తుందనుకున్నాను. చాలాసేపు బుజం రుద్దుకుంది. బొంగు ఒరిసి తోలు లేచిపోయింది.

"నాకు తెల్దు. ఆయన నిజంగా మనిసై, దప్పికతో సచ్చినోడైతే, దప్పికతో వొచ్చినదాన్ని గుమ్మంలో ఆపి పేరడగడు. నువ్వడిగావు. ఆయన నీలాటోడు కాడని నా ఆశ."

ఆ మాట మీద కోపం పోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆ ఆశ మీదే ఇప్పటికీ చర్చికి వెళ్తున్నాను. గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఏ ఊరు, ఎవరి తాలూకని అడక్కముందే చెంబు అందిస్తానని నవ్వుతావు కదా, నవ్వుకో. ఆ రగ్గు మాత్రం తిరగెయ్యవే, ఇటుపక్క ఇంకా తడే.