దసరాకు మూగబోయిన జీపు

మా భూపాలపల్లి యార్డులో బొగ్గు టిప్పర్లకు ముందు నడిచే పైలట్ జీపు ఒకటుంది. చెల్పూర్ దాటి అడవి రోడ్డు పట్టగానే ఫోన్లకు సిగ్నల్ ఉండదు. అందుకే జీపులోనూ టిప్పర్లలోనూ పాతకాలపు వైర్‌లెస్ సెట్లున్నాయి. రోడ్డు మీద చెట్టు పడ్డా, బర్రెల మంద అడ్డమొచ్చినా ముందుగా చెప్పాల్సింది జీపే. యార్డు ఆఫీసులో మైకు పట్టుకుని అందరితో మాట్లాడటం నా ఉద్యోగం. మా ఊరు నర్మెట్టలో ఉన్నన్నాళ్లూ "గింత గొంతేందే నీకు" అని తిట్టించుకున్న గొంతుకు ఇక్కడ జీతమిస్తున్నారు.

జీపు నడిపేది చాచా. అందరం ఆయన్ని అలాగే పిలుస్తాం. దసరా మర్నాటి నుంచి సెట్టులో ఆయన గొంతు రావడం మానేసింది. మేం చెప్పేవన్నీ ఆయనకు శుభ్రంగా వినబడతాయి, ఆయన చెప్పేదే మాకు రాదు. మేనేజరు గారు వైద్యానికి దిగారు. మైకు మార్చారు, ఫ్యూజు మార్చారు, బ్యాటరీ తీగలు బిగించారు. పరీక్ష మాత్రం ప్రతిసారీ నా కిటికీ ముందే, జీపు నిలబెట్టి. ఉత్తినే పిలిచినా వినబడే దూరం అది. అక్కడ చాచా గొంతు ఖంగున మోగేది. "సెట్టు బ్రహ్మాండం" అని మేనేజరు చేతులు దులుపుకునేవారు. జీపు చెల్పూర్ చేరేసరికి మళ్లీ మౌనవ్రతం.

సెట్టులో లోపం లేదు కాబట్టి మనిషిలోనే ఉందని ఆయన తేల్చారు. ఒకరోజు నా చేతిలోంచి మైకు లాక్కుని టిప్పర్లన్నిటికీ చాటారు. "ముసలాయనకు బటన్ నొక్కుడు గూడ యాది లేదు. ఒకటో తారీఖు నుంచి కొత్త డ్రైవరొస్తడు." చాచా అడవిలో ఉన్నాడు, ప్రతి మాటా వినగలడు, జవాబే చెప్పలేడు. ఆ సంగతి మేనేజరుకు తట్టనే లేదు. చాచా ఇల్లు గడిచేది ఆ జీపు మీదే. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం జీపు రాగానే వెళ్లి అడిగాను. "దసరాకు దీనికేం చేసినవ్ చాచా?"

"ఏం చేస్త బేటా, అందరు చేసిందే. కడిగిన, పెయింటేసిన, పూజ చేయించిన."

ఆయుధపూజ మీద మా యార్డులో చాచాకున్నంత శ్రద్ధ ఎవరికీ లేదు. తుప్పు పట్టకూడదని యాంటెన్నా విప్పి, దాని కాలు కింద కూడా రెండు పూతలు వేశాడట. ఆ కాలు జీపు ఇనుముకు తగిలితేనే మాట దూరం పోతుందని సెట్లు బిగించిన మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. యార్డు సెట్టుకు బలమెక్కువ కాబట్టి మా మాట ఆయనకు చేరేది, ఆయన మాటే దూరం రాలేకపోయింది. మేమంతా మైకు చుట్టూ తిరుగుతుంటే అడ్డం పడింది పూజ పెయింటు.

"జర గీకాలె చాచా."

"కొత్త పెయింటు బేటా!" అన్నాడు, తన ఒళ్లు గీకమన్నట్టు. అయినా గీకాడు.

మర్నాడు మేనేజరు నా పక్కన చాయ్ తాగుతుండగా చెల్పూర్ అవతలి నుంచి గొంతు వచ్చింది. "నొక్కుడు యాదికున్నది సార్. గా దినం మీరన్నది గూడ మొత్తం యాదికున్నది. అందరికి ఇనబడుతున్నదా?"

"ఇనబడుతున్నది చాచా" అని టిప్పర్ల నుంచి ఒకరి తర్వాత ఒకరు పలికారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మైకు తీసి మేనేజరు చేతిలో పెట్టాను. ఆయన బటన్ నొక్కి అలాగే పట్టుకున్నారు. కాసేపటికి వదిలేశారు.

"ఏమైందక్కా, ఇప్పుడు యార్డు సెట్టు ఖరాబైందా?" అని ఓ టిప్పర్ డ్రైవర్ అడిగాడు.

"లేదన్నా, సెట్టు మంచిగనే ఉన్నది" అన్నాను.

ఒకటో తారీఖు పొద్దున జీపు తీసింది చాచాయే.