శుక్రవారాల రష్యన్

నేను రష్యన్ ఎక్కడ నేర్చుకున్నానో కాగితం మీద ఎక్కడా లేదు. బందరు శాఖా గ్రంథాలయంలో సందర్శకుల రిజిస్టర్ ఉండేది. ఐదేళ్లపాటు అందులో రోజూ నా సంతకం ఉండేది. ఆ రిజిస్టర్లు చెదలు తినేశాయని ఈమధ్యనే తెలిసింది. నాకు మాట నేర్పిన మనిషికి సంతకం చేయడం రాదు, వేలిముద్రే. మేమిద్దరం పోతే ఇది జరిగిందనడానికి ఏమీ మిగలదు. ఇప్పుడు నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు "మేడమ్, మీరు మాస్కోలో చదివారా?" అని అడుగుతారు. కాదంటే "ఢిల్లీలోనా?" అంటారు. ఆ రెండూ కాక మూడో చోటు ఉంటుందని వాళ్లకు తోచదు. అందుకే రాస్తున్నాను.

తొంభైల నడుమ సంగతి. అప్పటికి సోవియట్ దేశం లేదు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి రష్యన్ పుస్తకాలతో ఊళ్లోకి వచ్చే వ్యాను కూడా రావడం మానేసింది. అందులో మా నాన్న కొన్న బొమ్మల పుస్తకాలు మాత్రం ఇంట్లో ఉండేవి. ఇంటర్ తర్వాత నా చదువు ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచి ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా లైబ్రరీ నాది.

అక్కడ చివరి బీరువాలో, ఎవరూ తీయని అరలో, రష్యన్ నేర్పే లావుపాటి పాఠ్యపుస్తకం ఒకటి దొరికింది. వివరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పక్కనే అట్ట ఊడిన నిఘంటువు. రెండింటి మీదా 'ఇంటికి ఇవ్వబడదు' అని ముద్ర. అందుకని అక్కడే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చదివాను. మొదటి ఏడాది అక్షరాలు, రెండో ఏడాది వ్యాకరణం. ఆ పుస్తకం మొత్తం నాలుగుసార్లు పూర్తిచేశానని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెబుతాను.

ఆ ఉదయాలు నాకు కలలో గడిచినట్టు గుర్తు. పైన ఫ్యాను తిరుగుతుండేది. రిటైరైన పెద్దలు పేపర్లు తిప్పే చప్పుడు. పాఠంలో మంచు పడేది. ఒక కుటుంబం రైల్వే స్టేషన్‌కు వెళ్లేది, ఒక ఆడమనిషి కిటికీ మూసేది, ఎవరో ఎవరికోసమో ఎదురుచూసేవారు. తలెత్తితే కిటికీలోంచి ఉప్పుగాలి తగిలేది. మళ్లీ తల దించితే మంచు. తెల్లటి బెరడుండే బర్చ్ చెట్టు మాట వచ్చినప్పుడు మంగినపూడి దారిలో సరుగుడు చెట్లకి సున్నం కొట్టి ఊహించుకున్నాను.

గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. చదువుతూ నా పెదాలు కాస్త కదిలినా ఎదుటి పెద్దాయన పేపరు కిందికి దించి చూసేవారు. అందుకని కళ్లతోనే నేర్చుకున్నాను. ఇంట్లో పుస్తకం లేదు, బూత్‌లో జనం. ఐదేళ్లలో ఒక్క రష్యన్ వాక్యం కూడా పైకి అనలేదు. అనాలని తోచనే లేదు. ఆ భాషే అంత నిశ్శబ్దమైనదేమో అన్నట్టు, మంచు పడ్డట్టు, నాలో పేరుకుంటూ ఉండేది.

అలాంటి రోజుల్లో పేపర్లో చిన్న ప్రకటన చూశాను. మెడిసిన్ చదవడానికి పిల్లల్ని రష్యా పంపే సంస్థ ఒకటి గుడివాడలో పెట్టారు. వెళ్లేముందు పిల్లలకి మూడు నెలలు భాష చెప్పడానికి టీచర్ కావాలి. ఆ నాలుగు వరుసలు ఎన్నిసార్లు చదివానో. నాకొచ్చిన ఒకే ఒక్క విద్యకి మన జిల్లాలోనే ఉద్యోగం ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ప్యాసింజర్ రైల్లో గుడివాడ వెళ్లాను. సంస్థ నడిపే డైరెక్టర్‌గారు మేడ మీద గదిలో ఉన్నారు. రష్యాలో మూడో ఏడాది మెడిసిన్ చదువుతూ సెలవులకు వచ్చిన కుర్రాణ్ణి పరీక్ష చేయడానికి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"రష్యన్ వచ్చామ్మా?" అన్నారు డైరెక్టర్‌గారు.

"వచ్చండి."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"లైబ్రరీలోనండి."

"లైబ్రరీలోనా! మా మావయ్య కూడా ఈత లైబ్రరీలోనే నేర్చుకున్నాడు లెండి," అని నవ్వి, కుర్రాడి వైపు తిరిగి "కానీవోయ్" అన్నారు.

ఆ కుర్రాడు ఏదో అడిగాడు. లాకులు ఎత్తినప్పుడు కాలవలో నీళ్లు వచ్చినట్టు వచ్చింది ఆ మాట. అందులో ఒక్క ముక్క కూడా నాకు చిక్కలేదు. మళ్లీ అడిగాడు. నేను నోరు తెరిచాను, ఏమీ రాలేదు. చివరికి లేచి, బోర్డు మీద 'దయచేసి ప్రశ్న రాయండి' అని రష్యన్‌లో రాశాను. అతను రాశాడు. మా ఊరి గురించి చెప్పమన్నాడు. నేను తొమ్మిది వాక్యాలు రాసి సుద్దముక్క కింద పెట్టాను.

కుర్రాడు బోర్డు చదివి తల గోక్కున్నాడు. "సార్, ఈవిడ నాకన్నా బాగా రాస్తారు. కానీ వింటే అర్థం కాదు, మాట్లాడలేరు."

"అక్కడ మన పిల్లలకి ఆకలేస్తే పలక పట్టుకుని తిరుగుతారా?" అన్నారు డైరెక్టర్‌గారు. తర్వాత గొంతు తగ్గించి, "రెండు నెలల్లో బ్యాచ్ మొదలవుద్దమ్మా. ఈలోపు మాటొస్తే చెప్పండి. రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం," అన్నారు.

తిరుగు రైల్లో, చక్రాల చప్పుడులో ఎవరికీ వినపడదని, ఒక వాక్యం పైకి అనబోయాను. అది నా గొంతులా లేదు. ఐదేళ్లు నేను చదివింది భాషేనా, లేక భాష బొమ్మా అని భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న బాధకన్నా అదే ఎక్కువ బాధ.

మర్నాడు లైబ్రేరియన్‌గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు కనీసం గొణిగినా నేనే కసురుకునేవాణ్ణేమో," అన్నారు. కళ్లజోడు పెట్టుకుని, "నేను అవనిగడ్డలో పనిచేసినప్పుడు లైబ్రరీకి ఒకాయన వచ్చేవాడు, పేపర్లో బొమ్మలు చూడ్డానికి. చేపల వేట వాళ్లు. కుర్రతనంలో ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీ కడుతుంటే వెళ్లి, రష్యన్ ఇంజనీర్ల గెస్ట్‌హౌస్‌లో ఇరవై ఏళ్లు వంట చేశాడు. అ ఆలు రావు. రష్యన్ గడగడా మాట్లాడతాడు. శుక్రవారం మనకి సెలవేగా, వెళ్లు," అన్నారు.

గురువారం సాయంత్రం ఆ పాఠ్యపుస్తకాన్ని పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టారు. "శనివారం పొద్దున్న నేను తాళం తీసేసరికి అరుగు మీద ఉండాలి. దాని మీద ముద్ర నాకు కనపడలేదనుకో."

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడ బస్సు మారి కోడూరు, ఆపైన హంసలదీవి వైపు. వంటాయనది పాక హోటలు. బజ్జీలు వేస్తున్నాడు. నేను సంగతి చెబుతుంటే వింటూనే ఉన్నాడు. పుస్తకం విప్పబోయాను.

"అది మూసెయ్యమ్మా పంతులమ్మా," అన్నాడు. "చేపలు చుట్టడానిక్కూడా పనికిరాదు, అట్ట గట్టిగా ఉంది."

తర్వాత రష్యన్‌లో ఏదో అడిగాడు. నేను బిక్కమొహం వేశాను.

"టీ కావాలా అంటున్నా. కావాలంటే అడుగు. ఆ భాషలోనే అడుగు. దవాయ్, దవాయ్!" ఆ మాటకి 'కానియ్' అని అర్థమని నాకు తెలుసు. తెలిసినదాన్ని మొదటిసారి చెవితో విన్నాను.

"ఎండలో పడొచ్చిన పిల్లని వచ్చింది వచ్చినట్టే నిలబెట్టి పరీక్షలేంటి నీకు?" అంది లోపల్నుంచి ఆయన భార్య. "ముందు అన్నం తిననీ."

"అన్నమూ అంతే పిన్నీ, అడిగితేనే," అన్నాడు, అప్పుడే నా పిన్నైపోయినట్టు మాట్లాడుతున్న భార్యని వెక్కిరిస్తూ. ఆ క్షణం నుంచి నాకు ఆవిడ పిన్ని, ఆయన బాబాయి.

ఆయన నేర్పిన పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. భోజనమయ్యాక పాయ దగ్గరికి తీసుకెళ్లేవాడు. నన్ను ఈ గట్టున నిలబెట్టి, తను చిన్న పడవలో అవతలి మడచెట్ల దగ్గరికి వెళ్లేవాడు. వేటకెళ్లేవాళ్లు ఒకరినొకరు కేకేసుకున్నట్టు అక్కణ్ణుంచి రష్యన్‌లో కేకేసేవాడు. చారులో ఉప్పు సరిపోయిందా? మీ అమ్మ ఎలా ఉంది? రేపు వాన పడుద్దా? నేను ఇటునుంచి కేకేయాలి. మెల్లగా అంటే వినపడలేదని చెయ్యి ఊపేవాడు. మొదటి శుక్రవారం నా కేక నీళ్ల మీద సగం దూరమే పోయినట్టుంది. మూడో శుక్రవారానికి అవతలి గట్టున కొంగలు లేచాయి. సాయంత్రపు వెలుగులో, నది సముద్రంలో కలిసే ఆ చోట, ఎక్కడో మంచుదేశపు మాటలు మా ఇద్దరి మధ్య ఎగురుతుంటే అది ఏ దేశమో, నేనెవరో మరిచిపోయేదాన్ని. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు "ఏంట్రా అది, దెయ్యాన్ని వదిలిస్తున్నావా?" అని అడిగాడు. "లేదు మావా, ఎక్కిస్తున్నా," అన్నాడు బాబాయి.

అయిదో శుక్రవారం బాబాయి ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఆ ఇంజనీర్ల ఆడవాళ్లు ఫాల్గుణ మాసం వచ్చేసరికి ఒక మాట అనుకుని దిగులుపడేవోళ్లు. మంచు కరిగి వీధుల్లో నీళ్లు పారే రోజులట. నోట్లోనే ఉంది, రావట్లేదు. ఇక్కడ ఎవరితో మాట్లాడతాను చెప్పు, చేపలతోనా? ఒక్కో మాటా పోతావుంది."

ఆ వారం కూడా వెంట తెచ్చిన పుస్తకం విప్పి, నిఘంటువు చూసి ఎప్పుడో రాసుకుని అందులో పెట్టుకున్న పదాల జాబితా వెతికి, చెప్పాను. "ఓత్తెపెల్."

బాబాయి దాన్ని రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత మాత్రం పుస్తకం మూసెయ్యమనలేదు.

ఎనిమిదో శుక్రవారం దాటాక డైరెక్టర్‌గారికి ఫోన్ చేశాను. కుర్రాడు రష్యా వెళ్లిపోయాడని, వాళ్ల హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడాలని, ఆవిడ సరే అంటేనే ఉద్యోగమని చెప్పారు. నంబరిచ్చారు. అలా నా పరీక్ష నా బూత్‌లోనే జరిగింది. సాయంత్రం అయిదింటికి నేనే కలుపుకుని, గాజు తలుపు వేసుకున్నాను.

మొదట కుర్రాడు, తర్వాత ఒక ఆడగొంతు. సముద్రం అడుగునుంచి వచ్చినట్టు, కాస్త ఆలస్యంగా. పేరేమిటి, ఏం చేస్తుంటావు, అక్కడ చలి ఎలా ఉంది? అర్థమయింది! అర్థమయిందన్న సంతోషంలో జవాబు పాయ అవతలికి చెప్పినట్టు చెప్పాను. బయట క్యూలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి తలుపులోంచి చూశారు. పాడుచేశాననుకుని గొంతు తగ్గించి, ఇక్కడ చలి ఉండదని, ఈరోజు మా ఇంట్లో ఏం వండారో, ఎలా వండారో చెప్పాను. వంటల మాటలు నాకు బాగా వచ్చు. ఆవిడ నవ్వడం వినిపించింది. ఒకచోట తప్పు దిద్దింది. రెండోచోట మాట వెతుక్కుంటే ఓపికపట్టింది. చివర కుర్రాడు ఫోన్ తీసుకున్నాడు.

"అక్కా, మీరు ఏ క్యాంటీన్‌లో పనిచేశారని అడుగుతోంది."

"లైబ్రరీలో నేర్చుకున్నానని చెప్పండి," అన్నాను అలవాటుగా. ఫోన్ పెట్టబోతూ ఆగి, "ఉండండి. లైబ్రరీలో సగం. మిగతా సగం వంటింట్లో. రెండూ చెప్పండి," అన్నాను.

అతను చెప్పాడు. ఆవిడ ఏదో అంది. "పంపించమంటోంది అక్కా. ఈవిడ దగ్గర చదివిన పిల్లలు ఇక్కడ పస్తులుండరంట."

గుడివాడ మేడ మీద గదిలో తర్వాతి సోమవారం పదకొండుమందితో మొదలుపెట్టాను. ఆ సంస్థ ఇచ్చిన అనుభవ సర్టిఫికెట్ ఆధారంగా తర్వాత దూరవిద్యలో డిప్లొమా చేశాను, మరికొన్నేళ్లకు కాలేజీలో పార్ట్‌టైమ్ పని వచ్చింది. అదంతా కాగితాల మీద ఉంది.

ఇలా రాసేటప్పుడు చివర పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. "నా పేరు పుస్తకంలో ఎందుకమ్మా, నేను చదవలేనుగా" అన్నాడు బాబాయి. అందుకని ఎవరి పేరూ రాయడంలేదు. ముద్ర కనపడని లైబ్రేరియన్‌గారికి, బాబాయికి, అడగకుండానే రెండోసారి అన్నం వడ్డించిన పిన్నికి, నా బదులు శుక్రవారాలు బూత్‌లో కూర్చున్న మా చెల్లికి, అవకాశం తీసేయకుండా రెండు నెలలు గడువిచ్చిన డైరెక్టర్‌గారికి, నన్ను అక్కా అన్న ఆ కుర్రాడికి, ఎన్నడూ చూడని ఆ వార్డెనమ్మకి. నేను మలుపు దాకా పరిగెత్తుకొచ్చేదాకా ఎనిమిది శుక్రవారాలూ ఆఖరి బస్సు ఆపి ఉంచిన కోడూరు కండక్టరు గారికి. ఆయన పేరు నేను అసలు అడగనే లేదు.