పళ్ళతో లాగి చూసిన కుట్టు

బస్సు కండక్టరొకడు తెచ్చిన ప్యాంటు ఉతికింది కాదు. తొడుక్కుని తిరిగి, వెనక పిగిలాక విప్పి, పాత పేపర్లో చుట్టి పట్టుకొచ్చాడు.

"నీ కుట్టుకి బలం లేదు. బస్సులో నా పరువు పోయింది!" అని దుకాణం ముందు నిలబడి అరిచాడు.

మా పెద్ద తోడికోడలు మిషను ఆపింది. ప్యాంటు అందుకుని, సరిగ్గా పిర్రల మధ్య కుట్టుని ముందు పళ్ళతో పట్టి, రెండు చేతులా గుంజింది. పక్కన గుండీలు కుడుతున్న నేను మొహం తిప్పుకున్నాను.

"చూశావా? కుట్టు కుట్టులాగే ఉంది. పక్కన గుడ్డ చిరిగింది. నీ పొట్టకి నేను పూచీనా అబ్బాయ్?"

వీధంతా నవ్వింది. అతను ప్యాంటు మళ్ళీ పేపర్లో చుట్టుకుని పోయాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను.

"పుక్కిలించక్కా, నీకు దణ్ణం పెడతాను."

"వాడి నోరు మూయించాను. నా నోరు కడుక్కోవడం దేనికే?"

ముప్ఫయ్యేళ్ళు ఆవిడ పద్ధతి ఇదే. కాలరైనా, చంకకుట్టయినా, పంటితో లాగి చూడందే దుకాణం గడప దాటనిచ్చేది కాదు. కత్తెర మేకుకి వేలాడుతుంటే దారం నోటితో కొరికేది. ఆ ఎంగిలి తడి ఇస్త్రీ పెట్టె కింద ఆరిపోయేది. తొడుక్కున్నవాళ్ళకి ఏం తెలుసు? నాకు తెలుసు. అందుకే నా జాకెట్లు నేనే కుట్టుకునేదాన్ని.

చివరికి ఒక మందపాటి క్యాన్వాసు సంచీ ఆ పళ్ళ పని పట్టింది. కుట్టు ఊడలేదు, రెండు పళ్ళు ఊడాయి. రక్తంతో సహా వాటిని సంచీ మీంచి ఏరింది నేనే. పక్కవి రెండూ కదులుతున్నాయని డాక్టరు పీకేశాడు.

తీసి పెట్టుకునే పళ్ళసెట్టు వచ్చింది. దాన్ని మేం నీళ్ళు తాగే గ్లాసులోనే వేసింది మహాతల్లి. చూడకుండా ఎత్తాను. పెదవికి ఏదో తగిలింది. గులాబీరంగు చిగుళ్ళు, నాలుగు పళ్ళు నాకేసి నవ్వుతున్నాయి. థూ! ఆ వారమంతా దుకాణంలో గుక్కెడు నీళ్ళు తాగితే ఒట్టు.

అంతకన్నా అసహ్యం తర్వాత జరిగింది. చొక్కా చేతులు పొట్టివయ్యాయని ఒకాయన గొడవకొచ్చాడు. కొలతకి పొట్టి చొక్కా తెచ్చింది ఆయనే. అక్క నోరు తెరిచింది, సెట్టు ఎగిరి ఆయన చొక్కా మీద పడింది. ఆయన పడీపడీ నవ్వాడు. ఆవిడ అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని, తప్పు తనది కాకపోయినా, ఆ చొక్కా చేతులు విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన పిండిముద్దలాంటి దవడబొమ్మ చూపించి, ఎముకలో మరలు దింపుతాననీ, అవి కుదురుకోవడానికి నెలలు పడతాయనీ, ఆపైన పళ్ళు బిగిస్తాననీ చెప్పాడు.

"వీటితో గుడ్డ లాగొచ్చా బాబూ?" అంది అక్క.

"కూడదమ్మా. దారం కూడా కొరకొద్దు."

చటుక్కున లేచి మెట్లు దిగి వచ్చేసింది.

"మంచిపని చేశావక్కా. మనిషి నోట్లో మరలేంటి, రోత!" అన్నాను.

నాలుగు రోజులు గడిచాయి. ఎవరేమన్నా తలూపుతోంది, నోటికి చెయ్యి అడ్డం. ఎవరికీ ఎదురు చెప్పదు. ప్యాంటు కుట్టు కొరికినప్పుడు కూడా నాకంత వికారం పుట్టలేదు.

"పద, ఆ మరలే వేయించుకో," అని నేనే చెప్పులేసుకున్నాను.

అక్క డాక్టర్ని ఒక్కటే అడిగింది: "గట్టిగా తిట్టినా ఊడిపడవు కదా?"

"పడవమ్మా," అన్నాడు ఆయన నవ్వాపుకుంటూ.

"అయితే బిగించెయ్."

కొన్ని నెలలకి పళ్ళు కూడా బిగించుకుని దుకాణానికి రాగానే, అప్పుడే కుట్టిన ప్యాంటొకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నేనిక లాగకూడదంట. నీ ముందు పళ్ళన్నీ ఉన్నాయిగా."

"ఛీ ఛీ! అవతల పెట్టు!"

"కొత్త గుడ్డేలేవే. లాగడం నువ్వు లాగు. తిట్టడం నేను చూసుకుంటాను."