ఆవుల డాక్టరు గారు రైఫిల్ ఇచ్చేసిన రోజు

పదకొండు రోజుల క్రితం, ఇక్కడ కెనడాలో, పక్క ఊరు వాటర్లూలో మీటింగ్‌లో ఉండగా మా పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. ఆఫీసు వేళల్లో ఆవిడ ఎప్పుడూ చెయ్యరు. బయటికి వచ్చి ఎత్తాను.

"అమ్మాయీ, మీ అంకుల్ పడిపోయారు. షాపు పార్కింగ్‌లో. బియ్యం బస్తా కారులో పెడుతున్నారు. పెట్టనే లేదు, ట్రాలీలోనే ఉంది."

"ఇప్పుడెక్కడున్నారు ఆంటీ?"

"హాస్పిటల్లో. లేరమ్మా. లేరంటున్నారు." మళ్లీ తనే, "బస్తా అక్కడే వదిలేసి వచ్చాను" అన్నారు.

మా ఊరు గ్వెల్ఫ్ దాకా కారు ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. ఏడాదిన్నరగా మేమందరం వేరే దానికి సిద్ధపడుతున్నాం. ఆయన జ్ఞాపకశక్తి తగ్గుతోందని, ముందు పేర్లు, తర్వాత దారులు, చివరికి మనుషులు కూడా గుర్తుండరని డాక్టర్లు చెప్పారు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దూరమవుతారనుకున్న మనిషి ఒక్క నిమిషంలో వెళ్లిపోయారు. ఇప్పటికీ వాళ్లింటి ముందు కారు కనబడితే ఆయన లోపల ఉన్నారనే అనిపిస్తోంది.

ఆయన పశువుల డాక్టరు. ముప్పై ఏళ్లకు పైగా గ్వెల్ఫ్ చుట్టుపక్కల రైతుల ఆవులకీ గుర్రాలకీ వైద్యం చేశారు. మా తెలుగువాళ్లలో అందరికీ 'ఆవుల డాక్టరు గారు'. ఎన్నేళ్లయినా గుంటూరు మాట పోలేదు. వీధిలో కుక్కలన్నిటితో తెలుగులోనే మాట్లాడేవారు. మూలింటి కెనడియన్ ఆవిడ తన కుక్కను "దా, దా" అని పిలవడం నా చెవులతో విన్నాను.

మేము ఆ వీధికి వచ్చిన మొదటి ఏడాది మంచు కరిగి వాళ్ల బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయి. నేనూ మా ఆయనా పెట్టెలు మోయడానికి వెళ్లాం. మూలన పొడుగాటి ఇనప బీరువా, దానికి పెద్ద తాళం.

"ఏంటి అంకుల్, ఆవకాయకి ఇంత కాపలానా?" అన్నాను.

"రైఫిల్ అమ్మాయీ" అన్నారాయన, చీపురుతో నీళ్లు తోస్తూనే.

నా చేతిలో పెట్టె జారి నీళ్లలో పడింది. గుడ్డు కూడా తినని మనిషి. ఆయన నవ్వలేదు. కాలు విరిగిన గుర్రం ఊరికి దూరంగా పొలంలో పడి ఉంటే, దగ్గరికి వెళ్లి సూది వెయ్యడం ఒక్కోసారి కుదరదట. దాని బాధ తీర్చడానికి కొన్నదట అది. కొనడం అంత తేలిక కాలేదని కూడా చెప్పారు. కోర్సు, పరీక్ష, పోలీసుల విచారణ, తెలిసినవాళ్ల సంతకాలు, అన్నీ అయ్యాకే లైసెన్స్.

"నన్నూ అడిగారమ్మా, ఫోన్ చేసి" అన్నారు ఆంటీ మెట్ల మీంచి. "మీ ఆయన దగ్గర తుపాకీ ఉంటే మీకేమైనా భయమా అని. దానికేం లేదు, ఆయన డ్రైవింగే భయం అన్నాను."

"ఈ తాళం దొంగల కోసం కాదు అమ్మాయీ, ఇంట్లోవాళ్ల కోసం" అన్నారాయన. ఆ రోజు ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

పోయిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. రైఫిల్ లైసెన్స్ రెన్యువల్ ఫారం. ఆన్‌లైన్ పనులన్నీ నేనే చేసిపెట్టేదాన్ని. అప్పటికి జబ్బు సంగతి మా రెండిళ్లకీ తెలుసు. రైఫిల్ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. పేరు, అడ్రసు నింపాను. ఆరోగ్యం గురించిన ప్రశ్న దగ్గర ఆగాను.

"నో పెట్టేస్తాను అంకుల్. మీరు దాన్ని తియ్యనే తియ్యరు కదా. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన లాప్‌టాప్ మూసేశారు. నెమ్మదిగానే మూశారు.

"మొన్న మంగళవారం నాకు స్పృహ వచ్చేసరికి బేస్‌మెంట్‌లో ఉన్నాను. బీరువా తీసి ఉంది. రైఫిల్ నా చేతిలో ఉంది. ఎందుకు తీశానో తెలీదు. పైన ఎవరో ఆడమనిషి ఫోన్లో మాట్లాడుతోంది. ఆ గొంతు ఎవరిదో కాసేపు నాకు తెలీలేదు."

ఆ గొంతు ఆంటీది. 'నో' అని నొక్కబోయిన వేలు ఇంకా లాప్‌టాప్ మూత మీదే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి కూడా సిగ్గేసింది.

"పోనీ, మా ఇంట్లో పెడతాను" అన్నాను ఏం అనాలో తెలియక.

"నీకు లైసెన్స్ లేదు. నీ దగ్గర పెడితే ఇద్దరం నేరం చేసినట్టే. పోలీసులకి ఫోన్ కలుపు, నేనే మాట్లాడతాను."

ఎమర్జెన్సీ కాని పనులకు వాళ్లకు వేరే నంబరు ఉంది. అది కలిపి ఇచ్చాను. ఆయన తన పేరు చెప్పి, జబ్బు పేరు చెప్పి, వచ్చి తీసుకెళ్లమన్నారు. వాళ్లొచ్చేదాకా తన ఇంట్లోకి వెళ్లనన్నారు. ఆంటీని మా ఇంటికే పిలిచి, జరిగింది నా ఎదురుగానే చెప్పారు. ఆవిడ కుర్చీలో కూలబడిపోయారు.

"నాకు చెప్పలేదేం?"

"భయపడతావని."

"భయపడనా మరి! భయపడాల్సిందే కదండీ!" అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. మళ్లీ వదల్లేదు.

సాయంత్రం కాకముందే ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. లోపల తూటా లేదని మరోసారి చూడమని ఆయనే వాళ్లను అడిగారు. కాగితం మీద సంతకం పెట్టారు. వాళ్ల కారు మలుపు తిరిగాక "ఇంక పడుకుంటా" అని లోపలికి వెళ్లి, చాలా రోజుల తర్వాత గాఢంగా నిద్రపోయారని ఆంటీ చెప్పారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలున్నారు. ఒకరోజు నేను అక్కడుండగానే కంగారుగా బేస్‌మెంట్‌లోంచి వచ్చి, రైఫిల్ కనబడటం లేదన్నారు.

"ఇచ్చేశారండీ" అన్నారు ఆంటీ. "మీరే ఫోన్ చేసి ఇచ్చేశారు."

"నేనేనా?" ఆయన ముఖం తేటపడింది. "మంచి పని చేశాను."

ఆయన పోయిన నాలుగు రోజులకు అంత్యక్రియలు జరిగాయి. మావాళ్లందరూ వరుసగా వచ్చి పూలు పెట్టి వెళ్లారు. చివరన ఒక ముసలి రైతు మిగిలాడు. పొడుగాటి మనిషి, బూట్లకి ఆరని మట్టి. మాలో ఎవరికీ అతను తెలియదు, ఆంటీకి కూడా. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పడుకున్న ఆవు డొక్క మీద చెయ్యి వేసి ఊపిరి చూసినట్టు, శవపేటిక పక్క చెక్క మీద అరచెయ్యి పరిచి, తల వంచి అలాగే నిలబడ్డాడు.