నైలాన్ గిటారుకు స్టీలు తీగలు

కంటి ఆపరేషన్ అయిన మూడు వారాలకు గిటారు మేస్త్రీ మళ్లీ కొట్లో అడుగుపెట్టాడు. గోడకు లావుపాటి తీగల బేస్ గిటారు, పన్నెండు తీగలది, ఒళ్లో పడుకోబెట్టి వాయించేది, కరెంటు లేకపోతే నోరెత్తని ఎలక్ట్రిక్‌వి రెండు వేలాడుతున్నాయి. దేని మీదా దుమ్ము లేదు. ఇన్నాళ్లూ కొట్టు కనిపెట్టుకుని ఉన్న బావమరిది పనితనం అది.

చివరి కొక్కెం దగ్గర మేస్త్రీ ఆగిపోయాడు. అది పాటల టీచరమ్మ గిటారు. ముప్పై ఏళ్లుగా ఊరందరివీ బాగుచేసినా, తన చేతులతో మొదటి నుంచి చివరిదాకా చేసింది అదొక్కటే. నైలాన్ తీగలది. ఇప్పుడు దానిమీద స్టీలు తీగలు మెరుస్తున్నాయి.

"ఇవి ఎవరు వేశారు?"

"నేనే బావా. నువ్వు ఆసుపత్రికెళ్లిన రోజే. టీచరమ్మ తీగలు మార్చమని ఇచ్చిందిగా. ఆ ప్లాస్టిక్‌వి మళ్లీ ఎందుకని గట్టివి వేశా. ఒక్కసారి మీటి చూడు, చెవిటివాడు కూడా లేచి కూర్చుంటాడు."

మేస్త్రీ మీటలేదు. తీగలు ఒక్కొక్కటే వదులు చేశాడు. నైలాన్ లాగుడుకు సరిపడేలా పల్చగా చెక్కిన ముందు పలక అది. స్టీలు రెట్టింపు లాగుతుంది. స్కేలు అడ్డంగా పెడితే పలక పొట్టలా ఉబ్బి ఉంది. రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి చూశాడు. పలకను మోసే బద్దల్లో రెండు ఊడిపోయాయి, ఒకటి విరిగింది.

"అతుకుతుందిగా?" బావమరిది గొంతు తగ్గింది.

"అతుకుతుంది."

అతకడం ఎంతసేపు? గిటారుకు పోయిన గొంతు మాటేమిటి? ఇంకొకటి చెక్కుదామంటే ఆ చూపూ లేదు, ఆ చేయీ లేదు. తిడదామంటే, మూడు వారాలు పూటపూటా తన కంట్లో చుక్కలు వేసిన చేతులే ఈ తీగలూ బిగించాయి.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. పలక చూసింది.

"ఏమైంది మేస్త్రీ గారూ?"

బావమరిది అప్పటికే తుడిచిన స్టూలునే మళ్లీ తుడుస్తున్నాడు.

"మా కొట్లో పొరపాటు జరిగిందమ్మా," అన్నాడు మేస్త్రీ.

కొన్న రోజు ఆయన నేర్పినట్టే ఆమె వేలి కణుపుతో పలకను తట్టింది. మళ్లీ తట్టింది.

"మీరోసారి తట్టండి. నాకే సరిగ్గా వినిపించలేదేమో."

అడిగింది కాబట్టి తట్టాడు. ఖాళీ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

"సరిగ్గానే వినిపించిందమ్మా," అన్నాడు.