ఉత్త పెట్టె

మా అమ్మాయి అక్టోబరు సెలవులకి అండమాన్ వెళ్తోంది. మంచం మీద చక్రాల సూట్‌కేసు తెరిచి పెట్టుకుని, అక్కడ ఇంకా వేడిగానే ఉంటుందట, పల్చటి బట్టలు చాలట అంటూ సర్దుకుంటుంటే, దానికో తువ్వాలు తీసిద్దామని నేను బీరువా తెరిచాను. కింది అరలోంచి ఎండిన మొగలిరేకుల వాసన గుప్పుమంది. ఆ రేకుల కింద చిలకాకుపచ్చ పట్టుచీర ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అమ్మ గుర్తొస్తుంది, అమ్మ కంటే ముందు అత్తయ్య మీద కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ నాకు లేదు.

మాకూ ఒక దీవి ఉండేది. డెబ్బైలలో, ఉప్పెనకి ముందు, దసరా సెలవులివ్వగానే అమ్మా నేనూ గుడివాడలో బస్సెక్కి, బందరులో మారి, అక్కడే లడ్డూలు కట్టించుకుని, నాగాయలంకలో దిగి, కృష్ణ పాయని పడవలో దాటి, అమ్మ తమ్ముడు ఉండే లంకకి చేరేవాళ్ళం. వానలు తెరిపిచ్చి, ఉప్పుగాలి వెచ్చగా ఒంటికి అంటుకుంటూ, గట్ల మీద మొగలి పొదలు విరగబూసి ఉండేవి. మావయ్య కాల్చిపెట్టిన తాటిపండు పీచు చీకుతూ, ఇసకలో గవ్వలేరుకుంటూ, మధ్యాహ్నాలు పంచలో చాప మీద దొర్లుతూ, బడి అనేది ఒకటుందన్న మాటే మర్చిపోయేదాన్ని.

ఆ సుఖానికంతటికీ ఒక్కటే అడ్డు, మావయ్య భార్య, మా అత్తయ్య. మేం గడపలో కాలు పెట్టామో లేదో, "పడవలో చెమ్మెక్కుంటాయి వదినగారూ, ఇలా ఇవ్వండి, ఎండేస్తాను" అంటూ మా ట్రంకుపెట్టెని వాకిట్లోకి లాగేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరేవారు. ఒక్కో చీరా విప్పి దండెం మీద ఆరేస్తూ, ఎక్కడ చిరుగు కుట్టుకున్నామో, ఏది ఎన్నేళ్ళనాటిదో అందరికీ వినిపించేలా చెప్పి నవ్వేది. నచ్చినదాన్ని ఒక్కసారి కట్టుకుని ఇస్తానంటూ లోపలికి పట్టుకుపోయేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అలాగే ఈ పచ్చపట్టు పోయింది. అమ్మ పెళ్ళికి అమ్మమ్మ పెట్టిన చీర అది. తిరుగు పడవలో నేను ఏడుస్తూ, వెనక్కెళ్ళి చీర అడగమంటే, అమ్మ కొంగుతో నా మొహం తుడిచి, "ఊరుకోవే, అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలిన గడప అదొక్కటే" అంది. నేను ఊరుకున్నాను గానీ, ఏడాది పొడుగునా ఆ కచ్చ కడుపులో పెట్టుకుని తిరిగాను.

మళ్ళీ దసరా వచ్చింది. ముందురోజు సాయంత్రం అమ్మ ఆకుపచ్చ రంగేసిన ఆ పెట్టెలో బట్టలన్నీ మడతలు నలగకుండా సర్దింది. తెల్లారి అమ్మ వంటింట్లో జంతికలు వేయిస్తుంటే, నేను ఆ బట్టలన్నీ తీసి ఖాళీ బియ్యం డబ్బాలో కుక్కి, పెట్టె నిండా గోనెసంచులు మడిచిపెట్టి, పైన అమ్మ వెలిసిపోయిన నేతచీర ఒకటి పరిచాను. అమ్మ వచ్చి దాని మీద మొగలిరేకులు చల్లి తాళం వేసింది. దారి పొడుగునా నేను ఆ పెట్టె పక్కనుంచి కదల్లేదు.

అత్తయ్య ఎప్పటిలాగే పెట్టె వాకిట్లోకి లాగింది. ఎప్పటిలాగే అందరూ చేరారు. నేతచీర ఎత్తి దులిపి, కింద చెయ్యి పెట్టి, గోనెసంచి బయటికి తీసింది. తరవాత ఇంకొకటి, ఆ తరవాత ఇంకొకటి. అమ్మ తలెత్తలేదు. ఎవరూ నవ్వలేదు. పక్కింటి మామ్మగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని, పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మావయ్యకి వినపడేలా, "ఆడపడుచు పుట్టింటికి ఉత్త పెట్టె తెచ్చిందంటే, నింపి పంపమనేగా. అవునమ్మాయ్, నిరుడు నువ్వు తెచ్చుకున్న పచ్చపట్టు ఏదీ?" అని అమ్మని అడిగింది.

మావయ్య అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య లోపలికెళ్ళి, చీర తెచ్చి, అందరి ముందూ అమ్మకి బొట్టు పెట్టి, పసుపు కుంకుమలతో కలిపి చేతిలో పెట్టింది. అది చూసి నాకు పండగ చేసుకున్నట్టయింది. సెలవులయ్యేదాకా అమ్మ అత్తయ్య చీరలే మార్చి మార్చి కట్టుకుంది. నాకు మావయ్య నాగాయలంక నుంచి రెండు గౌన్లు తెచ్చాడు. వాటి మీద పూలు ఎర్రవో గులాబీవో ఇప్పుడు గుర్తులేదు గానీ, అవి తొడుక్కుని అత్తయ్య ముందు అవసరం లేకపోయినా అటూ ఇటూ తిరగడం బాగా గుర్తుంది.

తిరుగు పడవలో అమ్మ పెట్టె మీద కూర్చుని నీళ్ళ వైపు చూస్తోంది. దెబ్బలు తప్పవనుకుని నేను దూరంగా జరిగి కూర్చున్నాను.

"గుడివాడ బస్టాండులో పెట్టె ఎత్తినప్పుడే తెలిసిందే నాకు," అంది.

నేను కొంచెం దగ్గరికి జరిగాను. అమ్మే మళ్ళీ అంది. "అప్పటికి బస్సుకింకా బోలెడు టైముంది. కావాలంటే ఇంటికెళ్ళి మళ్ళీ సర్దుకొచ్చేదాన్ని."

ఆ తరవాత ఉప్పెన వచ్చింది. మావయ్యా అత్తయ్యా ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఇల్లూ వాకిలీ, దండెం కట్టిన కొబ్బరిచెట్లూ పోయాయి. కట్టుబట్టలతో గుడివాడ వచ్చినప్పుడు, అమ్మ పెట్టె తెరిచి అత్తయ్యని కావలసినవి తీసుకోమంది. పచ్చపట్టు మాత్రం ముందే తీసి తన తలగడ కింద పెట్టుకుంది. మొగలి పొదలున్న గట్ల మీద ఇప్పుడు రొయ్యల చెరువులట. ఆడపడుచు పెట్టె నిండిందో లేదో చూసే మామ్మగార్లు ఎక్కడా లేరు. అమ్మా లేదు, అత్తయ్యా లేదు.

"ఆ చీర బాగుందమ్మా, నాకిస్తావా?" అంది మా అమ్మాయి, సూట్‌కేసు జిప్పు లాగుతూ.

ఇస్తానన్నాను, ఎవరు అడిగినా ఒక్క పూటకి కూడా ఇవ్వనని ఒట్టు వేయించుకున్నాక.